మట్టికివ్వని పేరు

టాంపినీస్

ప్రియమైన పిన్నికి,

ఫోనెత్తితే నేను ఏడుస్తాను, నువ్వూ ఏడుస్తావు, సంగతి సంగతిలాగే ఉండిపోతుంది. అందుకే కాగితం తీశాను.

కడుపులో బిడ్డ క్షేమం. ఆరో నెల. నలభై మూడేళ్ళదాన్నని డాక్టరమ్మ ప్రతిసారీ గుర్తుచేస్తుంది, నేనెక్కడ మరిచిపోతానో అన్నట్టు. ఆడపిల్లట. ఆ మాట విన్న రోజే మార్టిన్ అన్నాడు, "మహతి అనే పెడదాం."

పిన్నీ, మన మహతి పోయి ఐదేళ్ళు. ఏడాదైనా నిండని పిల్ల. దాని చోట్లో ఇంకొకరిని కూర్చోబెట్టేయడమేనా ఇది? తండ్రి అలా అనగలడా? లేక నాకే అర్థం కాలేదా? ఆ రోజునుంచి మొగుడూపెళ్ళాలం ఎండావానల గురించి మాట్లాడుకుంటున్నాం. సింగపూర్‌లో ఎండావానల గురించి ఎన్నాళ్ళని మాట్లాడతాం చెప్పు?

మనసు మళ్ళించుకోవడానికి ఒక పని పెట్టుకున్నాను. మామగారు పోయాక ఇంగ్లండులో మార్టిన్‌కు నావాళ్ళు అనేవాళ్ళు మిగల్లేదు. పుట్టినరోజుకు వాళ్ళ వంశవృక్షం గీసి ఇద్దామని పాయా లెబార్‌లో ఉన్న మా ఆఫీసునుంచి రాగానే కంప్యూటర్ ముందు చేరుతున్నాను. అక్కడి పాత జనాభా లెక్కలన్నీ అందులో చూడొచ్చు. 1871 నాటి పేజీలో మామగారి ముత్తాత విలియం దొరికాడు! నార్ఫోక్‌లో ఒక పల్లె. పొలం కూలీ. భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్ళతోనే భార్య తల్లి. ఎవరో గుమస్తా వాళ్ళ గుమ్మంలో నిలబడి అడిగి రాసుకున్నది. ఇన్నేళ్ళకు, ఎక్కడో టాంపినీస్ ఫ్లాట్‌లో కూర్చున్న తెలుగుది ఆ తలుపు తోసి లోపలికి చూస్తోంది.

పేరు సంగతి ఏమంటావో రాయి.

నీ
స్పందన

విజయనగరం

చిరంజీవి స్పందనను దీవించి, మంగతాయారు పిన్ని రాయునది:

ఏమే, కాళ్ళు వేలాడేసుకుని అంతసేపు కంప్యూటర్ ముందు కూర్చుంటే నీరు దిగదూ?

మహతి పేరు పెట్టింది నేనే. వయొలిన్ పాఠం మధ్యలో ఆపి, పిల్లల్ని కూర్చోమని, నీకు ఫోన్ చేశాను. నారదుడి వీణ పేరే, అంతకంటే మంచి పేరు లేదన్నాను. ఐదేళ్ళనుంచి ఆ పేరు పైకి అనలేదు నేను. అల్లుడికి నోరెలా వచ్చిందే? పోయిన పిల్ల పేరు కడుపులో పిల్లకా? మన ఇళ్ళల్లో నేనెక్కడా వినలేదు.

మా నాన్న కథ నీకు తెలిసిందే. ఆయనకు ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఈయన పుట్టగానే మా నాన్నమ్మ పొరుగావిడ చేతిలో పెట్టేసి, చాటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుందట. తవుడుకొచ్చిన చవక సరుకుని మృత్యువు కన్నెత్తి చూడదని. అందుకే తవిటయ్య అయ్యాడు. నల్లకోటు వేసుకుని కోర్టుకెళ్ళినా తవిటయ్యే. మన పద్ధతి దాచుకోవడం. పాత పేరు పెట్టి పిలిస్తే మృత్యువును మళ్ళీ గుమ్మంలోకి పిలిచినట్టు కాదూ?

అల్లుణ్ణి ఏమీ అనకు. ఒప్పుకోకు మాత్రం.

నీ పిన్ని

టాంపినీస్

ప్రియమైన పిన్నికి,

ఒప్పుకోలేదు. అతనూ మళ్ళీ అడగలేదు. అడిగితేనే బాగుండేదేమో.

ఇంకొక ఘోరం జరిగింది. విలియం తల్లిదండ్రుల కోసం ఆ ఊరి చర్చి పుస్తకాల్లోకి వెళ్ళాను. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు అన్నీ పాదిరి రాసిపెట్టేవాడు. బాప్తిస్మాల్లో దొరికాడు. 1840. తండ్రి జాన్, తల్లి హన్నా. జనాభా లెక్కలోని వయసుకు ఐదేళ్ళు తేడా వచ్చింది. పోనీలే, ఆ రోజుల్లో ఎవరి వయసు ఎవరికి సరిగ్గా తెలుసు, మన తాతయ్యకు తెలుసా అనుకున్నాను.

పొంగిపోతూ సమాధుల పుస్తకం తెరిచాను. విలియం. 1841. పసివాడు. జాన్, హన్నాల కొడుకని పాదిరి పక్కనే సన్నగా రాశాడు.

పసితనంలో పోయినవాడికి మునిమనవలు ఎక్కడినుంచి వస్తారు? నేను గీసిన చెట్టు మొదట్లోనే తెగింది. పాదిరిని నమ్మనా, గుమస్తాను నమ్మనా? అసలు నన్ను నేను నమ్మనా? మార్టిన్‌కు దొరికిన ఒక్క పూర్వీకుణ్ణీ నా చేతులతో పాతిపెట్టినట్టుంది. చెప్పలేదు.

ఆ హన్నా మర్నాడు పొయ్యి ఎలా వెలిగించిందో అని మాత్రం అనుకుంటూనే ఉన్నాను.

నీ
స్పందన

విజయనగరం

అమ్మడూ,

చెప్పెయ్. పిల్ల పోయినప్పుడు నేనొచ్చి చూశానుగా, ఒకే ఫ్లాట్‌లో మీరిద్దరూ చెరో గదిలో ఏడ్చారు. ఆ పరాయి దేశపు పసివాడి కోసం కూడా ఒక్కదానివే ఏడుస్తావా?

నీ ఉత్తరం చదివాక నాకొకటి తట్టింది. మా నాన్నకు ముందు పోయిన పిల్లలకూ ఏవో పేర్లుండే ఉంటాయి కదా. బంధువులందరికీ ఫోన్లు చేశాను. ఒక్కరికీ తెలియదు. నాన్నమ్మ బతికినంతకాలం ఆ పేర్లు ఎత్తలేదట. నీ హన్నా కొడుకు పేరు విజయనగరంలో నాకు తెలుసు. నా సొంత పెదనాన్నల పేర్లు తెలియవు. ఈ వయసులో దానికి కూర్చుని ఏడ్చాను.

కిందటిసారి నేనన్న మాట పట్టుకుని కూర్చోకు. నాకే తేలడం లేదు.

పిన్ని

టాంపినీస్

ప్రియమైన పిన్నికి,

ఒక చేత్తో రాస్తున్నాను. రెండో చేయి మీద నీ మనవరాలు నిద్రపోతోంది. ఫోన్లో చెప్పలేనివి ఇక్కడ చెబుతున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే, కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో, నూడుల్స్ చల్లారిపోతుండగా మార్టిన్‌కు చెప్పేశాను. అంతా విని, "తర్వాతి పేజీలు చూశావా?" అన్నాడు.

చూడలేదు పిన్నీ! సమాధి కనబడ్డాక ఇక ఆ పేరు ఆ ఇంట్లో వినపడదని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. మీ పెంపకం మరి. ఇంటికెళ్ళి ఇద్దరం తిరగేశాం. 1842, బాప్తిస్మం, విలియం, తల్లి హన్నా. ఏడాది తిరక్కుండా మళ్ళీ సమాధి. 1845, బాప్తిస్మం, విలియం, తల్లి హన్నా. ఆ తర్వాత సమాధుల్లో చివరి పేజీదాకా వెతికాం. లేడు. ఎందుకుంటాడు? 1871లో తన ఇంట్లో ఉన్నాడుగా, భార్యాపిల్లలతో. గుమస్తా రాసిన వయసే సరైనది.

ఒక్క తల్లి, ఒక్క పేరును, మూడుసార్లు ఆ బాప్తిస్మపు నీళ్ళ దగ్గరికి ఎత్తుకెళ్ళింది. రెండుసార్లు బిడ్డను మట్టికిచ్చింది. పేరును మాత్రం ఇవ్వనంది. ఆ మొండితనం చివర ఎక్కడో నా మార్టిన్ ఉన్నాడు. అతని చివర ఇదిగో, ఇది.

"ఒకరి బదులు ఒకరని కాదు స్పందనా," అన్నాడు. "ఆ పేరు గట్టిగా పిలవాలని ఉంది. ఐదేళ్ళుగా గొంతులోనే ఉంది."

నా గొంతులోనూ అదే ఉందని అప్పుడు చెప్పాను.

అయినా హన్నాకున్న గుండె నాకు లేదు. అందుకని ఆసుపత్రినుంచి రాగానే పిల్లను ఎదురింటి లిమ్ ఆంటీ చేతుల్లో పెట్టేశాను. మార్టిన్ సూపర్‌మార్కెట్లన్నీ గాలించి ఓట్స్ తవుడు ప్యాకెట్ ఒకటి పట్టుకుని ఆమె తలుపు కొట్టాడు. ఆంటీ ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "సో ప్రెటీ బేబీ, వన్ ప్యాకెట్ వేర్ గాట్ ఇనఫ్ లా! టూ!" అంది, ఇంత అందమైన పిల్లకు ఒక్క ప్యాకెట్ ఏం సరిపోతుంది, రెండివ్వమని. "బేరం పెంచకండి ఆంటీ, చవకగానే ఉండాలి!" అని నా గుమ్మంలోంచి అరిచాను, ఏడుస్తూ, నవ్వుతూ.

ఇంట్లో తవిటమ్మ. సర్టిఫికెట్‌లో మహతి. మార్టిన్ గీసిన చెట్టులో మహతి పక్కన మహతి. తవిటయ్య తాతయ్య పక్కన కూడా ఖాళీ కొమ్మలు గీశాడు. పేరు తెలియకపోతే మాత్రం కొమ్మ ఉండొద్దా అన్నాడు.

వచ్చేటప్పుడు వయొలిన్ తెచ్చుకో. నారదుడి వీణ సంగతి నువ్వే చెప్పాలి, రెండోసారి.

ఇద్దరు మహతుల అమ్మ,
స్పందన