కంచెకు అడిగిన పూలకొమ్మలు

భూపాలపల్లి, 1979

తమ్ముడు మొగిలికి అక్క ఓదెమ్మ దీవెనలు. ఇక్కడ మనుషులం బాగున్నాం.

నువ్వు చేను కంచెకు అడిగిన పులికంప కొమ్మలు పంపడం లేదు, ఏమనుకోకు. ఆ రంగుపూల కంప మా అడవంతా అల్లుకుని గడ్డిని మొలవనివ్వడం లేదు. మేత దొరకక, అమ్మ ఇచ్చిన తెల్లావు దాని ఆకే తిన్నది. కళ్లు పచ్చబడి, ఎండకు ఒళ్లంతా పగిలింది. “నీడకు కట్టు బిడ్డా, గీ కంప తిన్న గొడ్డు ఎండకు ఆగది” అన్నది పక్కింటి కొమురమ్మ. నీడకు కట్టి గంజి తాగించాం. అయినా మొన్న పోయింది. అమ్మకు మెల్లగా చెప్పు.

నాయిన దగ్గు తగ్గిందా? మిరపనారు పోశారా?

తెల్లావు దూడ బాగుంది. మీ బావ దాన్ని తోలుకొస్తాడు. మన దేవరుప్పులలో ఇంకా గడ్డి ఉంది కదా, అక్కడే పెరగనీ. అమ్మ చేతికే పలుపు ఇవ్వమన్నాను.