ఎస్తేరు కట్టిన ఊరు

మార్చి 3
పాత కంప్యూటర్ పోయింది. నా ప్రసంగాలన్నీ అందులోనే... ప్రొద్దుటూరులో రిపేరు ఖాజా వాటిని కొత్తదానిలోకి ఎక్కించాడు. ఫోన్ చేసి ఇంకో మాట — "అయ్యగారూ, పాప ఊరు కూడా ఉండాది దీంట్లో."
రత్నమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.
మా కూతురు పోయి పన్నెండేళ్ళు. కంప్యూటర్ ఆటలో తను కట్టిన ఊరు మాత్రం ఉందట.

మార్చి 5
ఆట తెరుచుకోదు. కొత్త సిస్టం దాన్ని ఎరగదట. కొత్త ద్రాక్షారసం పాత తిత్తుల్లో పోయకూడదని ఎన్నిసార్లు బోధించాను — తిత్తి మారిస్తే పాత రసం ఏమైపోతుందని ఎవరూ అడగలేదు.

మార్చి 6
ఆట చేసిన కంపెనీకి రాయించాను. జవాబు రెండు వరుసలు. పాతది, ఇక మా బాధ్యత కాదు.
ఒళ్ళు మండింది. తమ్ముణ్ణి చంపిన కయీనూ ఇంతే, వాడికి నేను కావలివాడినా అన్నాడు. సాయంత్రం కూటంలో అదే ఎత్తుకున్నాను. అమ్మి వదిలేసేవాళ్ళను, కని వదిలేసేవాళ్ళను, మందను విడిచిపోయే కాపరులను... బల్ల గుద్దాను. ఆమెన్లు బాగా వచ్చాయి.

మార్చి 9
ఆ ఊరు ఒక్కసారే చూశాను. చుట్టూ ఏరు. "మనకు ల్యాకపాయె నాయనా, ఈడన్నా పారనీ" అంది ఎస్తేరు. ఏటి ఒడ్డున చిన్న మందిరం — నీదే అంది.
ఇదీ విగ్రహారాధనే అన్నాను నేను.

మార్చి 11
ఖాజా ఏదో చేశాడు. ఇది పాత సిస్టమేనని ఆటను నమ్మించాడట. లేచింది. లేచి డిస్కు అడిగింది.
"డిస్కు పెడితే సాలు అయ్యగారూ, ఊరు వచ్చేస్తాది. ఇంట్లో యాడన్నా సూడండి."
చూస్తానన్నాను.

అదే రోజు
ఎక్కడుందో నాకు తెలుసు. ఎస్తేరు బతికుండగా జరిగిన ఉజ్జీవ కూటాల ఆఖరి రోజు, మందిరం ముందు మంట. లోకసంబంధమైనవన్నీ తెచ్చి వేయమన్నాను. సినిమా క్యాసెట్లు, పేకముక్కలు, తాయెత్తులు... ఆ డిస్కు ఎస్తేరు చేతే వేయించాను. వేసి, తల వంచుకుని వచ్చి కూర్చుంది. కాలుతున్న ఊరిని తిరిగి చూసిన లోతు భార్యలా వెనక్కి చూడలేదు నా బిడ్డ — మైకులో చెప్పాను.

మార్చి 13
రత్నమ్మ ట్రంకుపెట్టె దించింది. పాప పుస్తకాలు ఒక్కొక్కటీ దులుపుతోంది. ఆ మంట నాడు తను కమలాపురంలో, పుట్టింట్లో ఉంది. నేనూ చెప్పలేదు, ఎస్తేరూ చెప్పలేదు.
కంపెనీవాళ్ళను తిడుతోంది. ఊఁ కొడుతున్నాను.

మార్చి 14
కంప్యూటర్ ఇంటికి తెచ్చాను. తెర మీద ఇంగ్లీషులో ఒకే వరుస. రత్నమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. కొంగుతో తెర తుడిచింది.
"ఏమంటాండాది?"
"డిస్కు పెట్టమంటాండాది."
"పెట్టు మరి."

మార్చి 16, ఆదివారం
గొంతు బాగాలేదని ప్రసంగం ఇంకొకరికి అప్పగించాను.
రత్నమ్మ కంప్యూటర్ ఆపనివ్వడం లేదు. ఆపితే ఊరు పోతుందేమోనని.
అటక ఒక్కటే మిగిలిందంది. నిచ్చెన పట్టుకోమంది.
పట్టుకున్నాను.