పొయ్యి లేని ఇల్లు

బావమరిదీ అసనాలీ, మీ అక్క ఒప్పుకుంది! కరాకోల్ పట్నంలో మా అమ్మాయి కట్టించిన కొత్త ఇంటికి ఇద్దరం వెళ్ళిపోతున్నాం!

గోడలన్నీ అద్దాలే, వంటగదికి తలుపే లేదు. "ఇల్లు వెచ్చబెట్టే ఇటుక పొయ్యి లేకుండా చలికాలమా? నేను రాను" అని మొండికేసింది కదా. నిన్న బూట్లు విప్పి లోపల కాలు పెట్టగానే ఆగిపోయింది.

"ఏమయ్యా, ఈ నేల కింద గొర్రెల్ని పడుకోబెట్టారా? ఇంత వెచ్చగా ఉంది!"

అడుగున వేడినీళ్ల గొట్టాలున్నాయట. అంతే, అక్కడే నడుం వాల్చింది.

"లే అమ్మా, మేడ చూద్దువుగాని" అంది అమ్మాయి.

"నువ్వే చూసొచ్చి చెప్పు."

నేనూ పక్కనే పడుకున్నాను!

పెద్దక్కకు, చోల్పోన్ వదినకు, నీ వియ్యంకులకు ఈ పూటే చెప్పు. ఈ చలికాలానికి మాకు పొయ్యి కట్టాలని ఇటుకలు సిద్ధం చేసుకున్న పొయ్యిల బాబాయికి మాత్రం కడుపునిండా భోజనం పెట్టి, ఆ తర్వాత మెల్లగా చెప్పు.