సన్యాసి కలిపిన ప్రార్థన

వాన్, ఒంటారియో

నోవహు అంకుల్‌కి,

వేర్‌హౌస్‌లో చనిపోయిన మా నతానియేలు గురించి రేపు చర్చిలో జ్ఞాపకార్థ కూడికలో చదవమని నేనిచ్చిన నాలుగు పేజీల్ని మీరు పది లైన్లు చేశారు. అడిగితే "కంపెనీతో గొడవెందుకురా" అన్నారు.

వెయ్యేళ్ల కిందట బైజాంటియంలో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, ఒక క్రైస్తవ సన్యాసి కూడా పాత రోము చరిత్రని ఇలాగే కుదించాడు. దాహంతో చస్తున్న సైన్యానికి వాన పడిన చోట, అది క్రైస్తవ సైనికుల ప్రార్థన ఫలమని తన మాట కలిపాడు. తర్వాత అసలు పుస్తకాలు చాలా పోయాయి. ఆయన కుదించిందే మిగిలింది.

నతానియేలు కూతురు పసిపిల్ల. దానికి మిగిలేది మీ పది లైన్లే. ప్రార్థిస్తూ ప్రశాంతంగా కన్నుమూశాడని రాశారు. నేను పక్కనే ఉన్నా అంకుల్. సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండికి బ్రేకు పడట్లేదని అరుస్తూ పోయాడు.

ఆ మాట తిరిగి పెట్టండి. లేకపోతే రేపు నేనే లేచి అరుస్తా.