డీ డ్రైవ్‌లోని అమ్మ పాటలు

నాయనా,

పోయిన ఏడు నీ తిథి రోజు నీ కంప్యూటర్‌లో సీ డ్రైవ్ నిండిపోయిందని మెకానిక్ సెల్విని పిలిచాను. పేరు తమిళమైనా, ఇంట్లో తెలుగు మాట్లాడే మనవాళ్ళమ్మాయే.

“పక్కనుండే డీని చెరిపితేనే ఆ ఎడం, ఆ జాగా, సీకి చేరును అక్కా. అందులో తెలుగులో ఏమో ఉండాది. నాకు మాట్లాడనే వచ్చును, చదవను రాదు, మీరు చదవండి.”

తమిళ బడిలో చదివిన నాకూ రాదని చెప్పడానికి సిగ్గేసింది. “ఏవో పాతవి, చెరిపేయమ్మా” అన్నాను.

సాయంత్రం పూజకు చిన్నాయన వచ్చాడు. “వదిన పాటలంతా అన్న డీలో రాసిపెట్టినాడే, తియ్యి పాపా.”

“కంప్యూటర్ చెడిపోయింది” అన్నాను, దేవుడి ముందే.

ఈ ఏడాది గుడిలో తెలుగు నేర్పిస్తుంటే వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. అమ్మ పాటల్లో గుర్తున్నవి మూడే. అవి రాసి, నిజం చెప్పి, రేపు చిన్నాయనకు ఇస్తాను. మిగతావి నేనే చెరిపించాను, నాయనా.