టెంకాయ లేచిన చోటు

9 ఫిబ్రవరి 2003, ఆదివారం
మైపాడు, వ్యానులో

అత్తా, మా ఆయనా నిద్రపోయినారు. నాకే నిద్ర రాలేదు, సంతోషానికి.

మూడో బోరులోనూ నీళ్లు పడనప్పటి నుంచి ఆయన ఇంట్లో నోరు తెరిచిందే లేదు. అందుకే తంబళ్లపల్లెలో బలవంతంగా వ్యాను ఎక్కించి, దావలో వండుకుంటా, దాంట్లోనే పండుకుంటా ఈడికి వచ్చినాము.

పొద్దున ఇసుకదిబ్బ మీద ట్రాక్టరు పోయినట్టు అచ్చులు. తాబేలు వచ్చి, గుంత తవ్వి గుడ్లు పెట్టి, మళ్లా సముద్రంలోకి పోయిందని జాలరామె చెప్పింది. పక్కనే ఎర్ర ఎండ్రకాయలు బొరియల్లోంచి ఇసుక ఎగజిమ్ముతాండాయి. ఆయన చానాసేపు వాటినే చూసినాడు. ఉన్నట్టుండి, గంగమ్మకు కొట్టాలని తెచ్చిన టెంకాయను అరచేతిలో పెట్టుకుని, మా చేలల్లో బోరు పాయింటు చూసేవాళ్ల మాదిరే దిబ్బ వెనక పల్లంలో నడిచినాడు. ఒకచోట టెంకాయ నిలువుగా లేచింది, కింద నీళ్లుండాయన్నట్టు.

"సముద్రం పక్కన లేయకుండా యాడికి పోతాదిరా!" అని అత్త ఒకటే నవ్వు.

ఆయన వినలేదు. చేతుల్తోనే మోచేతి లోతు తోడినాడు. నీళ్లూరినాయి. "తియ్యగుండాయి, సూడు" అని నా నోట్లో పోసినాడు. నిజంగానే తియ్యటి నీళ్లు, అంత ఉప్పు సముద్రం పక్కన! ఆయన నవ్వినాడు. గంగమ్మకు అక్కడే దండం పెట్టుకున్నా.

భయం ఒకటే. పండుకునే ముందు "తూర్పు చేనులో ఒక మూల ఇంకా చూడలేదు" అన్నాడు. నాలుగో బోరు అంటే... వద్దని చెప్పాల్సింది. కానీ మాట్లాడతాండాడు గదా అని, "ఏ మూల?" అని అడిగినా.