పాల సొసైటీలో మాట్లాడే అమ్మ

వెల్లిచందై,
జూన్ 2009.

చిరంజీవి అంజప్పకు, మీ అక్క మొగుడు వెంకటరామప్ప దీవించి రాసింది.

నా కోడిగీతలకూ తప్పులకూ ఏమీ అనుకోవద్దు. ఊరి బడిలో నేర్చింది ఇంతే. ఫోన్‌లో నాకు నోరే పెగలదు, అందుకే ఉత్తరం. నేనూ మీ అక్క మునివెంకటమ్మా క్షేమం.

ధర్మపురి నుంచి వాలంటీర్లు వచ్చి ఆదివారాల్లో మా పాల సొసైటీలో క్లాసు పెడుతున్నారు. ఆగిపోయిన గుండెకు కరెంటు ఇచ్చి మళ్లీ కొట్టుకునేలా చేసే పెట్టె ఒకటి తెచ్చారు. అంబులెన్సు వచ్చేలోగా ఊరివాళ్లే వాడాలట. నేనూ చేరాను. నడుము దాకే ఉన్న రబ్బరు బొమ్మ మీద నేర్పుతున్నారు. చొక్కా లేని బొమ్మను ముట్టుకోవడానికి మొదట సిగ్గుపడ్డాను.

ఇట్లు,
వెంకటరామప్ప.

తా.క.: పెట్టె మూత తెరిస్తే ఒక అమ్మ మాట్లాడుతుంది. ఇంగ్లీషే, కానీ అర్థం మాకు నేర్పారు. ఎంత చక్కని గొంతు! అరవదు, విసుక్కోదు. ఆమె చెప్పినట్టే చేస్తాను.

*

పాపిరెడ్డిపట్టి.

బావగారికి అంజప్ప దండాలు.

మీ ఉత్తరం చదివి మంచినీళ్లు తాగాను. కరెంటు సంగతి అలా ఉంచండి. ఎవరు బావా ఆ అమ్మ? రేడియో పాడుతుంది, ఒప్పుకుంటాను. మనం చేసేది చూసి తర్వాతి పని చెప్పే పెట్టె ఎక్కడైనా ఉంటుందా? నా చెవిలో పూలు పెట్టకండి. బస్టాండులో ఎరువుల అంగడి నడిపేవాణ్ణి, మనుషులను చూడనివాణ్ణా? ఇన్నేళ్ల కాపురంలో మా అక్క గొంతును ఒక్కరోజైనా మెచ్చుకున్నారా?

ఇట్లు,
మీ బావమరిది అంజప్ప.

తా.క.: ఆమెకు వయసెంత?

*

వెల్లిచందై.

అంజప్పకు దీవెనలు.

ఆమె వయసు నేను అడగలేదు. మనిషి కాదు కాబట్టి అడగాలని తోచలేదు. పెట్టె తీగలకున్న రెండు జిగురు అట్టలు బొమ్మ ఛాతీకి అంటిస్తే, గుండె నడక తనే చూసుకుంటుంది. ముట్టవద్దు అంటుంది. అంటే ముట్టను. కరెంటు అవసరమైతేనే బొత్తాం నొక్కమంటుంది. అంత తెలిసినదై ఉండి కూడా నొక్కే పని మనకే వదులుతుంది. అది నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఒక్కటే చేతకావడం లేదు. నొక్కే ముందు అందరినీ దూరం జరగమని గట్టిగా అరవాలి. ఒక్కరు ముట్టుకుని ఉన్నా నొక్కకూడదు. నేర్పేది మోహనప్రియ అని, నర్సు చదివే పిల్ల. "తాతా, ఇంట్లో గొణిగినట్ల కాదు, ఊరంతా వినపడాల. గొంతు రాకుంటే నీకు పెట్టె ఇచ్చేకి కాదు" అనింది. ఆ గొంతే రావడం లేదు. దిగులుగా ఉంది.

ఇట్లు,
వెంకటరామప్ప.

తా.క.: రోజూ సాయంత్రం చెరుకుతోటలోకి పోతున్నాను, అరవడం అలవాటు కావడానికి. మీ అక్కకు చెప్పలేదు.

*

పాపిరెడ్డిపట్టి.

బావా,

చెరుకుతోటా! అక్కకు తెలియకుండానా! పైగా ముట్టవద్దంటే ముట్టరట, ఎంత వినయం! ఆదివారం మొదటి బస్సుకే వస్తున్నాను. ఆ అమ్మను నాలుగు మాటలతో కడిగి పెడతాను.

అంజప్ప.

తా.క.: ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం, ఎడమ భుజం లాగుతోంది. అంతా మీ వల్లనే.

*

వెల్లిచందై.

ధర్మపురి ఆసుపత్రిలో మంచం మీదున్న అంజప్పకు, బావ దీవించి రాసింది.

వార్డులోకి ఒకరినే వదులుతారు. మీ అక్క నీ దగ్గరే ఉంటోంది కాబట్టి ఆమె చేతికే ఇది ఇస్తున్నాను. నీకేమీ గుర్తులేదట.

ఆదివారం క్లాసు మొదలుకాకముందే సొసైటీలోకి వచ్చి, "ఎవతె అది? బయటికి రమ్మను!" అని అరిచావు. నేను పెట్టె చూపించాను. "దీని వెనక దాంకోనుందా?" అని వంగావు. మళ్లీ లేవలేదు.

పిలిస్తే పలకలేదు, ఊపిరీ లేదు. సెక్రటరీ మాదేశ్వరన్‌ను అంబులెన్సుకు ఫోన్ చేయమని, నీ గుండె మీద నొక్కడం మొదలుపెట్టాను. పాలు పోయడానికి వచ్చిన మాదమ్మాళ్ పెట్టె తెరిచింది. గుండీలు విప్పే ఓపిక లేక నీ చొక్కా చించి అట్టలు అంటించాను. ఆ అమ్మ మాట్లాడింది, చేతులు తీశాను. కానీ మూర్ఛ అనుకుని ఎవరో నీ చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టి గట్టిగా పట్టుకున్నారు. నీ అరుపు విని పరుగెత్తుకొచ్చిన మీ అక్క నీ కాళ్ల మీద పడి ఏడుస్తోంది. ఇక నొక్కమని బొత్తాం వెలుగుతోంది.

"లేయండి! ఎవురూ ముట్టొద్దు! వదలండి వాణ్ణి! ఏమే, నీకే చెప్పేది, లెయ్యి!"

రోడ్డు మీది బస్సు ఆగిందట. మీ అక్క అదిరిపడి లేచింది. నొక్కాను. నువ్వు ఎగిరిపడ్డావు. ఆమె చెప్పగానే మళ్లీ ఛాతీ నొక్కుతూనే ఉన్నాను, నువ్వు మూలిగేదాకా. అప్పటికి అంబులెన్సు వచ్చింది.

నువ్వు ఆమెను తిట్టడానికి వచ్చావు. ఆమె ఒక్క మాటైనా తిరిగి అనలేదు, తన పని చేసింది. అలాంటివాళ్లు ఎక్కడుంటారు, చెప్పు? మోహనప్రియ వచ్చి విని, పెట్టె నాకే అప్పగించింది. రెండు చేతులా అందుకున్నాను.

ఇట్లు,
వెంకటరామప్ప.

తా.క.: నీ డొక్కల నొప్పి నా చేతుల వల్ల. ఆమెను అనవద్దు.

మరొకటి. మీ అక్క ఆ అమ్మకు పసుపు కుంకుమ, రవికెగుడ్డ పెడతానని పట్టుబట్టింది. పెట్టెకు పెట్టవచ్చా అని మోహనప్రియను అడగడానికి నాకు సిగ్గు. ఆ పిల్ల నీ వార్డుకు వస్తుంది కదా, నువ్వు అడుగు. సరేనంటే ఏ రంగు గుడ్డ కొనాలో కూడా త్వరగా రాయి.